కారుణ్య మరణం: హక్కు వచ్చింది, దారి రాలేదు

ఉరిశిక్ష ఉండాలా వద్దా, ఎన్‌కౌంటర్ న్యాయమా అన్యాయమా అని మనం గంటల తరబడి వాదించుకుంటాం. ఆ రెండూ మనలో నూటికి తొంభై తొమ్మిది మంది గడప తొక్కవు. కారుణ్య మరణం సంగతి వేరు. అది అందరి ఇళ్ళకూ వచ్చే ప్రశ్న. ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాన్ని డాక్టరు లోపలికి పిలిచి, "పరిస్థితి చెయ్యి దాటింది. వెంటిలేటర్ కొనసాగించమంటారా, ఇంటికి తీసుకెళ్తారా?" అని అడుగుతాడు. అప్పటిదాకా ఆ మాట ఎత్తని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పది నిమిషాల్లో తేల్చుకోవాలి. మంచం మీద ఉన్న మనిషికి ఏం కావాలో వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఈ ప్రశ్నకు కోర్టులు ఏం చెప్పాయి, మతాలు ఏమంటున్నాయి, మన ఆస్పత్రుల్లో నిజంగా ఏం జరుగుతోంది అన్న మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రయోజనం లేని చికిత్సను వద్దనే హక్కు మనకు ఉండాలి, చట్టప్రకారం ఉంది కూడా. ఆ హక్కును వాడుకునే దారి మాత్రం సామాన్యుడికి ఇంకా పడలేదు. దారి పడకుండా అంతకంటే పెద్ద హక్కులు అడగడం ప్రమాదం.

కోర్టులు నడిచిన దారి

మన దేశంలో ఈ వివాదం ఆత్మహత్యాయత్నం నేరమా కాదా అన్న చోట మొదలైంది. పాత ఐపీసీ 309వ సెక్షన్ ప్రకారం చావబోయి బతికినవాడికి జైలుశిక్ష పడే వీలుండేది. 1980లలో ఆ సెక్షన్ చెల్లదని బొంబాయి హైకోర్టు అంటే, చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 1994లో పి.రతినం కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. రెండేళ్ళు తిరగకుండానే, 1996లో, జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. జీవించే హక్కులో చచ్చిపోయే హక్కు లేదని తేల్చింది. అయితే అదే తీర్పులో ఒక కిటికీ తెరిచి ఉంచింది: ప్రాణం పోవడం సహజంగా మొదలైపోయిన మనిషి గౌరవంగా పోవడం జీవించే హక్కులో భాగమేనంది. ఆ తర్వాత వచ్చిన తీర్పులన్నీ ఆ కిటికీలోంచి వచ్చినవే.

తెలుగువాళ్ళకు ఈ వివాదం 2004 డిసెంబరులో దగ్గరగా వచ్చింది. కండరాల క్షీణత వ్యాధితో హైదరాబాదు ఆస్పత్రిలో చివరి దశకు చేరిన పాతికేళ్ళ చదరంగం ఆటగాడు, తన అవయవాలు పాడైపోకముందే దానం చేసి వెళ్ళాలనుకున్నాడు. కొడుకు కోరిక తీర్చడానికి తల్లి హైకోర్టు మెట్లెక్కింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అలాంటి అవయవాలు తీసుకోవాలంటే దాత బ్రెయిన్ డెడ్ అయి ఉండాలి. ఈ యువకుడు స్పృహలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. కోర్టు అనుమతించలేదు. కొద్ది రోజుల్లోనే అతను చనిపోయాడు. దానం చెయ్యడానికి కళ్ళు మాత్రమే మిగిలాయి. 2022లో రేవతి దర్శకత్వంలో వచ్చిన హిందీ సినిమా 'సలాం వెంకీ'కి ఆధారం ఈ కథే. కోర్టు ఆనాడు చట్టాన్ని తప్పుగా చదవలేదని నా అభిప్రాయం. అవయవాల కోసం ప్రాణం తీయడానికి ఒక్కసారి ఒప్పుకుంటే తర్వాత ఆగే చోటు ఉండదు. కానీ ఆ తల్లీకొడుకులు అడిగినదాంట్లో ఒక న్యాయమైన సగం ఉంది: నా ఒంటి గురించి నా మాట వినండి అన్నది. ఆ సగానికి జవాబు రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

ఈలోగా లా కమిషన్ రెండుసార్లు ఈ ప్రశ్నను తడిమింది. 2006లో 196వ నివేదికకు జస్టిస్ ఎం.జగన్నాథరావు, 2012లో 241వ నివేదికకు జస్టిస్ పి.వి.రెడ్డి అధ్యక్షులు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి పైకి వెళ్ళినవారే. బతికే అవకాశం లేని రోగికి చికిత్స ఆపితే డాక్టరును నేరస్థుడిగా చూడకూడదని ఆ నివేదికలు చెప్పాయి. ముందుగా రాసిపెట్టుకున్న పత్రాలు మాత్రం చెల్లకూడదని 2006 నివేదిక అంది. పార్లమెంటు ఈ విషయం మీద చట్టం చెయ్యలేదు. ఆ పని చివరికి కోర్టే భుజాన వేసుకోవాల్సి వచ్చింది.

అరుణా షాన్‌బాగ్ కేసు అందరికీ తెలిసినదే. ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సు ఆమె. 1973 నవంబరులో అదే ఆస్పత్రి వార్డుబాయ్ చేసిన దాడిలో మెదడు దెబ్బతిని నలభై ఏళ్ళకు పైగా మంచం మీదే ఉండిపోయింది. ఆమెకు ఆహారం ఆపనివ్వాలని రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఇన్నేళ్ళు ఆమెను చూసుకున్న కేఈఎం సిబ్బందే ఆమెకు అసలైన ఆత్మీయులనీ, వాళ్ళు ఆమె బతకాలని కోరుతున్నారనీ చెప్పింది. అదే తీర్పు మొదటిసారిగా, హైకోర్టు అనుమతితో చికిత్స ఆపడం చట్టబద్ధమేనని ఒప్పుకుంది. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయింది. ఈ కేసు గురించి రాసేవాళ్ళు అందరూ తీర్పునే గుర్తుచేస్తారు. నాకు ఆ నర్సులు ముఖ్యం. తరాలు మారినా ఒక సహోద్యోగి ఒంటికి పుండు పడకుండా చూసుకున్న చేతులు అవి. అలాంటి సేవ దొరికేవాళ్ళు దేశంలో ఎంతమంది అన్నదే ఈ వివాదంలో అసలు కొలత.

చట్టం ఇప్పుడు ఏమంటోంది

2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం ప్రాథమిక హక్కులో భాగమని ప్రకటించింది. ముందస్తు వైద్య నిర్దేశం, అంటే లివింగ్ విల్, చెల్లుతుందని చెప్పింది. కానీ దానిమీద జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ సంతకం కావాలని, ఆపైన అంచెలంచెలుగా బోర్డులు కూర్చోవాలని నియమాలు పెట్టింది. ఊహించినట్టే ఆ కాగితం ఎవరూ రాయలేదు. డాక్టర్ల సంఘం ఒకటి మళ్ళీ కోర్టుకు వెళ్ళాక, 2023 జనవరి 24న నియమాలు సడలాయి.

ఇప్పుడున్న పద్ధతి ఇది. పద్దెనిమిదేళ్ళు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా ఈ పత్రం రాసుకోవచ్చు. ఎలాంటి స్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా చెప్పాలి. తాను మాట్లాడలేని రోజున తన తరఫున నిర్ణయం చెప్పే దగ్గరివాళ్ళ పేర్లు రాయాలి, ఒకరికంటే ఎక్కువమంది ఉండొచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయించుకోవాలి. ఒక ప్రతి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అందుకు నియమించిన అధికారికి ఇవ్వాలి. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అమలు చెయ్యాల్సిన రోజు వస్తే, చికిత్స చేస్తున్న డాక్టరుతో పాటు కనీసం ఐదేళ్ళ అనుభవమున్న ఇద్దరు నిపుణులు ప్రాథమిక బోర్డుగా కూర్చుంటారు. తర్వాత జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు ఉండే రెండో బోర్డు చూస్తుంది. ఒక్కొక్క బోర్డు నలభై ఎనిమిది గంటల్లో చెప్పడం మేలని కోర్టు సూచించింది. అమలుకు ముందు మెజిస్ట్రేటుకు తెలియజేస్తే చాలు, అనుమతి అడగనక్కర్లేదు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్ళొచ్చు. కాగితం లేని రోగి విషయంలోనూ కుటుంబం సమ్మతితో ఈ బోర్డుల దారే.

కాగితం మీద ఇది పకడ్బందీగా ఉంది. గోవా 2024లో ముందడుగు వేసింది, బొంబాయి హైకోర్టు గోవా బెంచి న్యాయమూర్తి ఎం.ఎస్.సోనక్ తానే మొదటి పత్రం నమోదు చేయించుకున్నారు. మహారాష్ట్ర పత్రాలు భద్రపరిచే అధికారులను నియమించింది. 2025 జనవరిలో కర్ణాటక అమలుకు ఉత్తర్వులిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో మీ వార్డు కార్యాలయానికి వెళ్ళి "లివింగ్ విల్ ఎవరికి ఇవ్వాలి?" అని అడిగి చూడండి. ఎదుటి ముఖంలో కనిపించే అయోమయమే మన పరిస్థితి.

ఆపడం వేరు, చంపడం వేరు

చికిత్స ఆపడానికీ, ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడానికీ తేడా లేదని కొందరు తత్త్వవేత్తలు అంటారు. ఫలితం ఒకటే, ఉద్దేశం ఒకటే, మరి గీత ఎక్కడుందని వాళ్ళ ప్రశ్న. తర్కానికి ఆ మాట గట్టిదే. కానీ వెంటిలేటర్ తీసినప్పుడు ప్రాణం తీసేది జబ్బు. ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు ప్రాణం తీసేది డాక్టరు. రోగికి ఈ తేడా చిన్నది కావచ్చు, వైద్యవృత్తికి చాలా పెద్దది. పొద్దున్న నన్ను బతికించే చెయ్యే సాయంత్రం నన్ను పంపించెయ్యగలదని అనుమానం వస్తే, పేదవాడు ఆ ఆస్పత్రి గుమ్మం ఎక్కడు.

అయితే ఈ గీత ప్రతిచోటా స్పష్టంగా ఉండదు. 2013లో పై అంతస్తు నుంచి పడి, అప్పటినుంచి స్పృహ లేకుండా ఉన్న ఒక యువకుడి విషయంలో అతని తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. అతనికి వెంటిలేటర్ లేదు, గొట్టం ద్వారా ఆహారం మాత్రమే అందేది. యంత్రం మీద బతకడం లేదు కనుక అనుమతి కుదరదని 2024లో ఢిల్లీ హైకోర్టు అంది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు, ఇంటి దగ్గర సేవకు అయ్యే ఖర్చు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం భరించేలా చూసింది. ఆ తర్వాత కూడా కేసు మళ్ళీ సుప్రీంకోర్టుకు చేరింది. గొట్టంలో పోసే పోషకాహారం అన్నమా, మందా? అన్నం అనుకుంటే ఆపడం ఆకలితో చంపడమే. మందు అనుకుంటే మిగతా చికిత్సల్లాంటిదే. డాక్టరు రాసిచ్చి, వైద్యపరికరంతో పెట్టే ఏ ఆహారమైనా చికిత్సేనని నాకనిపిస్తుంది. కానీ తల్లి చేతి ముద్దతో పెరిగిన సమాజంలో ఈ మాట చెప్పినంత తేలిగ్గా ఎవరికీ మింగుడు పడదు. ఆ తడబాటు మూఢత్వం అని కొట్టేయడానికి వీల్లేదు.

మతాలు ఏమంటాయి

మన సంప్రదాయం ఇచ్ఛామరణాన్ని ఒప్పుకుందా అంటే, రెండు వైపులా ఉదాహరణలు దొరుకుతాయి. శాపం తెలిసిన పరీక్షిత్తు గంగ ఒడ్డున ప్రాయోపవేశం చేసి ఏడు రోజులు శుకుడి చేత భాగవతం విన్నాడు. భీష్ముడు ఉత్తరాయణం కోసం ఆగి ప్రాణం విడిచాడు. జైనుల సల్లేఖనాన్ని 2015లో రాజస్థాన్ హైకోర్టు నేరమంటే, ఆ నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. 1982 నవంబరులో వినోబా భావే పౌనార్ ఆశ్రమంలో అన్నం, మందులు మానేసి వెళ్ళిపోయారు. మరోవైపు ఆత్మహత్య మహాపాపమని ధర్మశాస్త్రాలే చెబుతాయి. ఇస్లాం ప్రాణాన్ని అల్లా అప్పగించిన అమానతుగా చూస్తుంది, తీసే అధికారం మనిషికి లేదంటుంది. కేథలిక్ చర్చి చంపడాన్ని ఒప్పుకోదు, కానీ అసాధారణమైన చికిత్సలు కొనసాగించి తీరాలని లేదని పన్నెండో పయస్ పోప్ 1957లోనే వైద్యులకు చెప్పారు.

ఈ ఉదాహరణలు ఏరుకుని తమ వాదానికి వాడుకునేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తారు. పరీక్షిత్తూ, భీష్ముడూ, వినోబా మెలకువగా ఉన్నారు, తమ నిర్ణయం తమ నోటితో చెప్పారు. ఇవాళ్టి ఐసీయూలో గొంతులో గొట్టం ఉన్న మనిషికి ఆ నోరు లేదు. యంత్రం ఊపిరిని నిలబెట్టి మాటను తీసేసుకుంది. కాబట్టి పురాణంతో పోలిక కుదరాలంటే ఆ మాట ముందే చెప్పి ఉంచాలి. లివింగ్ విల్ చేసే పని అంతే. నచ్చినవాళ్ళు దాంట్లో "చివరిదాకా అన్ని చికిత్సలూ చెయ్యండి" అని కూడా తమ కోరిక చెప్పుకోవచ్చు.

మన ఆస్పత్రుల్లో

తెలుగు రాష్ట్రాల్లో చికిత్స ఆపడం రోజూ జరుగుతూనే ఉంది. దానికి ఆస్పత్రుల్లో ఉన్న పేరు లామా. వైద్యుల సలహాకు విరుద్ధంగా, సొంత బాధ్యత మీద తీసుకెళ్తున్నాం అని కుటుంబం సంతకం చేస్తుంది. నిజానికి చాలాసార్లు ఆ సలహా చూచాయగా ఇచ్చింది డాక్టరే. చట్టం భయంతో కాగితం మీద ఆ మాట రాయడు. అంబులెన్స్‌లో ఒకరు ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూ కూర్చుంటారు. ఊరు చేరాక నోట్లో తులసి తీర్థం పోసి, మంచం దింపి, బ్యాగ్ నొక్కడం ఆపుతారు. ఆ మధ్య గంటల్లో రోగికి నొప్పి తగ్గించే మందు ఉండదు, ఊపిరి ఆడని బాధకు ఉపశమనం ఉండదు, పక్కన నర్సు ఉండదు. కారుణ్య మరణంలో కారుణ్యం తీసేస్తే మిగిలేది ఇదే.

దీని వెనక డబ్బు ఉంది. ఆరోగ్యశ్రీ 2007 నుంచి లక్షల కుటుంబాలకు శస్త్రచికిత్సలు అందుబాటులోకి తెచ్చింది, కానీ నయం కాని జబ్బుతో ఇంట్లో చివరి నెలలు గడిపేవాళ్ళ సేవ ఇప్పటికీ కుటుంబం భారమే. పొలం అమ్మి ఐసీయూ బిల్లు కట్టిన ఇంట్లో చికిత్స ఆపాలన్న నిర్ణయం కరుణతో తీసుకున్నదో, అప్పుతో తీసుకున్నదో ఎవరూ విడదీసి చెప్పలేరు. అనుమానమూ ఉంది. శవానికి వైద్యం చేసి బిల్లు వేసే ఆస్పత్రి దృశ్యం 2003లో 'ఠాగూర్' సినిమాలో వచ్చింది. రెండు దశాబ్దాలు దాటినా జనం ఆ దృశ్యాన్ని మర్చిపోలేదు. డాక్టరు "ఇంకా ఉంచుదాం" అంటే బిల్లు కోసమని, "తీసేద్దాం" అంటే బెడ్డు కోసమని అనుకునే పరిస్థితి వచ్చింది. నమ్మకం లేనిచోట ఏ బోర్డు నిర్ణయమూ కుటుంబానికి ఊరట ఇవ్వదు.

ప్రవాసం మరో మలుపు తెచ్చింది. కొడుకు డల్లాస్‌లోనో, కూతురు మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. "వచ్చేదాకా ఉంచండి" అని ఫోన్. ఆఖరి చూపు కోసం అడగడం తప్పు కాదు. కానీ అక్కడ ఆస్పత్రిలో చేరేటప్పుడే లివింగ్ విల్ లాంటి పత్రం ఉందా అని అడగడం చూసినవాళ్ళే, ఇక్కడ అమ్మానాన్నల దగ్గర ఆ మాటెత్తడం అశుభం అనుకుంటారు. దగ్గరుండి మూత్రం సంచి మార్చిన కోడలికి నిర్ణయంలో మాట ఉండదు, విమానం దిగిన పెద్దకొడుకుకు ఉంటుంది. ఇక నగరాల్లో అద్దె ఇళ్ళ సంగతి. ఇంట్లో చావు జరగకూడదని, శవం గేటు దాటి లోపలికి రాకూడదని అనే యజమానులున్న చోట, ఇంట్లో ప్రశాంతంగా పోవడం అన్న కోరిక సొంతిల్లు ఉన్నవాళ్ళకే పరిమితం.

భయపడేవాళ్ళ మాట

కారుణ్య మరణాన్ని వ్యతిరేకించేవాళ్ళను ఛాందసులని తీసిపారేయలేం. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో మంచాన పడిన ముసలివాళ్ళకు తెల్లవారుజామున నూనె పట్టించి తలస్నానం చేయించి, కొబ్బరినీళ్ళు తాగించి చావుకు గురిచేసే తలైకూత్తల్ అనే ఆచారం గురించి 2010లో పత్రికలు రాశాయి. అది దయ పేరుతోనే జరిగింది. మన దగ్గర తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టమే చెయ్యాల్సి వచ్చింది. "ఒకరితో చేయించుకోకుండా పోవాలి" అని మన పెద్దవాళ్ళు తరచూ అంటారు. ఆ మాటలో ఆత్మగౌరవం ఎంతుందో, ఇంట్లోవాళ్ళ విసుగు చూసి వచ్చిన దిగులు ఎంతుందో జాగ్రత్తగా వినాలి. ముఖ్యంగా సొంత ఆదాయం లేని వితంతువు అన్నప్పుడు.

నెదర్లాండ్స్, బెల్జియం 2002 నుంచి డాక్టరు చేతి మరణాన్ని అనుమతిస్తున్నాయి. కెనడా 2016లో చావు దగ్గరపడినవాళ్ళకు మొదలుపెట్టి, 2021లో చావు దగ్గరలో లేని తీవ్ర రోగులకూ, వికలాంగులకూ విస్తరించింది. బతకడానికి సాయం అడిగితే దొరకనిది చావడానికి అడిగితే దొరుకుతోందని అక్కడి వికలాంగుల సంఘాలు నిలదీస్తున్నాయి. ప్రభుత్వ వైద్యం మనకంటే ఎన్నో రెట్లు బలంగా ఉన్న దేశంలో వచ్చిన ప్రశ్న ఇది. మన దగ్గర ఆ తలుపు ఇప్పుడే తెరవమనడం నాకు సాహసంగా కాక, నిర్లక్ష్యంగా కనిపిస్తుంది.

నొప్పి సంగతి

చచ్చిపోతానని అడిగే రోగుల్లో చాలామంది నిజానికి అడుగుతున్నది నొప్పి తగ్గించమని. క్యాన్సర్ ముదిరిన మనిషికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ చవకైన మందు. చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం లైసెన్సుల మీద లైసెన్సులు పెట్టడంతో ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014 సవరణ ఆ చిక్కు విప్పింది. చట్టం మారినా అలవాటు మారలేదు. మార్ఫిన్ అంటే వ్యసనం, మార్ఫిన్ అంటే అయిపోయినట్టే అన్న భయం డాక్టర్లలోనూ ఉంది.

దారి లేదనడానికి లేదు. 1993లో కోళిక్కోడులో డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఉపశమన సేవ ఉద్యమంగా పెరిగి, 2008లో కేరళ ప్రభుత్వ విధానమైంది. అక్కడ పంచాయతీ నర్సు ఇంటికొచ్చి పుండు కడిగి, మందు ఇచ్చి, కుటుంబంతో మాట్లాడి వెళ్తుంది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఏళ్ళుగా ఉపశమన వైద్య విభాగం నడుస్తోంది. స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి చివరి దశ రోగులను ఉచితంగా చూసుకుంటోంది. తెలంగాణ కొన్ని జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది. ఇవి మంచి ప్రయత్నాలు. మారుమూల మండలంలో నొప్పితో అరిచే మనిషికి మాత్రం ఇవి ఇంకా చాలా దూరం.

ఏం చెయ్యాలి

కారుణ్య మరణానికి అనుకూలమా, వ్యతిరేకమా అని రెండు జట్లుగా విడిపోతే అసలు పని ఆగిపోతుంది. ప్రయోజనం లేని చికిత్స ఆపడం నైతికంగా సరైనదే, దానికి ఒప్పుకోవాలి. ఇంజెక్షన్‌తో ప్రాణం తీయడం ఇప్పుడు మన సమాజానికి తగదు, దానికి ఒప్పుకోకూడదు. ఈ రెంటి మధ్యా ఉన్న పెద్ద ఖాళీ నొప్పిలేని ముగింపు, దాన్ని నింపడం ప్రభుత్వాల బాధ్యత. రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రతి మున్సిపాలిటీలో, పంచాయతీలో లివింగ్ విల్ తీసుకునే అధికారి పేరు ప్రకటించాలి. ప్రతి జిల్లా వైద్యాధికారి రెండో బోర్డుకు డాక్టర్ల జాబితా సిద్ధం చేసి ఉంచాలి. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో ఇంటి దగ్గర ఉపశమన సేవను చేర్చాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో మార్ఫిన్, అది ఇవ్వడం తెలిసిన డాక్టరు ఉండాలి. పార్లమెంటు ఇకనైనా చట్టం చెయ్యాలి.

మన వంతు పని దీనికంటే చిన్నది, కానీ కష్టమైనది. పండక్కి పిల్లలందరూ ఇంటికొచ్చినప్పుడు ఆస్తుల పంపకం మాట్లాడుకుంటాం, పెళ్ళిళ్ళు మాట్లాడుకుంటాం. అదే చాపమీద కూర్చుని "రేపు నేను మాట్లాడలేని పరిస్థితి వస్తే నాకు ఇది కావాలి, ఇది వద్దు, నా తరఫున ఫలానావాళ్ళు చెప్తారు" అని పెద్దవాళ్ళు చెప్పాలి. చిన్నవాళ్ళు నోరు మూయించకుండా వినాలి. విన్నది రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి, నోటరీ చేయించండి. ఐసీయూ గుమ్మం దగ్గర మీ పిల్లలు మిమ్మల్ని చంపామా అన్న సందేహంతో జీవితాంతం కుమిలిపోకుండా చేసే కాగితం అది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయండి.